రేకు లోపలి బొట్టు

శనివారం పొద్దున బెంగళూరు చిక్కపేట మెట్రో స్టేషన్ నుంచి బయటికొస్తూనే ఓబులేష్ భుజాన ఉన్న సంచిని పొట్టకు అదుముకున్నాడు. చీరల బేళ్ళు ఎత్తిన తోపుడుబండి ఒకటి "సైడు, సైడు" అనే అరుపుల మధ్య ఆయన మోకాలిని రాసుకుంటూ పోయింది. మోకాలికి తగిలితే మానుతుంది. సంచిలోని సరుకుకు తగిలితే మళ్ళీ దొరకదు. పాత సీడీ డ్రైవు, పాత రకం పట్టీ వైర్లు, ఎవరెవరినో బతిమాలి తెచ్చిన హార్డ్ డిస్కులు. ఎస్‌పీ రోడ్డు కంప్యూటర్ బజారులో ఇప్పుడు వీటిని అడిగితే కొత్త దుకాణాలవాళ్ళు మ్యూజియానికి దారి చెబుతున్నారు.

ఇదంతా ఒక్క కంప్యూటర్ కోసం. చిక్కపేట సందులో ఒక చీరల గోడౌన్ పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే చిన్న గది వస్తుంది. అందులో వరూధిని పెళ్ళిపత్రికలు కూర్చి అచ్చుకు ఇస్తుంది. ఆమె కంప్యూటర్‌ను ఇరవయ్యేళ్ళ కిందట ఓబులేషే కట్టాడు. కట్టడమనేది ఆ వృత్తిలో వాళ్ళ మాట. బోర్డు ఒక చోట, డబ్బా ఒక చోట, డిస్కు ఇంకోచోట కొని, అన్నీ ఒకదానికొకటి బిగించి మిషన్ చేసి ఇవ్వడం. అలా ఎన్ని కట్టాడో ఆయనకే తెలియదు. వాటిలో ఇంకా పనిలో ఉన్నది, ఆయన ఎరిగినంతలో, ఇదొక్కటే.

పోయినవారం అదీ పడుకుంది. హార్డ్ డిస్కు చచ్చిపోయింది. డిస్కు మార్చి విండోస్ మళ్ళీ ఎక్కించడమంటే ఓబులేష్‌కు ఒకప్పుడు కబుర్లాడుతూ చేసే పని. నిన్న పగలంతా కూర్చున్నా ఎక్కలేదు. కొంత దూరం పోతుంది, ఫలానా ఫైలు కాపీ కావడంలేదని తెరమీద చెబుతుంది, అక్కడే నిలబడిపోతుంది. మళ్ళీ మొదటినుంచి.

నిన్న సాయంత్రం ఆయన సంచి సర్దుకుంటుంటే వరూధిని మొహమాటం లేకుండా చెప్పేసింది.

"చూడప్పా ఓబులేషా. రేపు సాయంత్రం గుజరీ బసవరాజు వస్తాడు. కింద గోడౌన్ వాళ్ళ పాత రేకులు ఎత్తుకుపోను. అంతలోపల ఇది లేచిందా, నాకాడే ఉంటాది. లేవలేదా, వాని బండికెక్కించేస్తా. నువ్వు బేజారు చేసుకోవద్దు."

గుజరీ అంటే బెంగళూరులో పాత సామాన్ల బేరం. ఆ బండి ఎక్కింది ఏదైనా మళ్ళీ దిగేది ముక్కలుగానే.

బేజారు చేసుకోవద్దని ఆమె అన్నది గానీ, ఇంటికి పోయిన ఓబులేష్ అన్నం కెలికి లేచాడు. ఏమైందని భార్య అడిగితే "ఏం లేదు, కస్టమర్ మిషన్" అన్నాడు. కస్టమర్ మిషన్ కోసం అన్నం మానే రోజులు పోయి చాలా కాలమైందని ఆమెకూ తెలుసు.

మెట్లు ఎక్కి గదిలోకి పోయేసరికి వరూధిని ఫోన్లో ఉంది. రమ్మని చేత్తో సైగ చేసి, ఫోన్ స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచింది. కింది అంతస్తులో పట్టుచీరల వ్యాపారం చేసే వెంకటరమణప్ప గొంతు. మెట్లెక్కలేక మోకాళ్ళ నొప్పులతో కిందినుంచే ఫోన్ చేస్తాడు.

"మీ కూతురు శ్రుతి ఆ చిన్న కంప్యూటర్లో చేసిన పత్రిక చూసినానమ్మా. బొమ్మలు బాగుండాయి. అక్షరాలే బాగలేవు. మా ఇంట్లో ఇన్ని పెండ్లిండ్లు అయినాయి. అన్నిట్లోనూ ఆ గుండ్రం అక్షరాలే. నా కొడుకుది తీసి చూడు, నా కూతురిది తీసి చూడు. ఇప్పుడు మనవరాలిదానికి వేరేవి అంటే అదేదో వేరేవాళ్ళ ఇంటి పెండ్లి మాదిరి ఉంటాది."

"మిషన్ వాడు వచ్చినాడు అప్పా. చేస్తాడు."

"నిన్న కూడా ఇదే చెప్తివి."

"నిన్న కూడా వాడే వచ్చె."

ఫోన్ పెట్టేసి వరూధిని ఓబులేష్ వైపు చూసింది. ఆ గుండ్రటి అక్షరాల సాఫ్ట్‌వేర్ పాతది. ప్రింటర్ వైరు గుచ్చేచోట వేలెడంత తాళం ఒకటి గుచ్చితేనే తెరుచుకుంటుంది. కొత్త కంప్యూటర్లకు అసలు ఆ సందే లేదు. తాళం భద్రంగా ఉంది, సీడీ భద్రంగా ఉంది. వాటిని పెట్టుకునే మిషనే లేవడంలేదు.

వరూధినిది తాతలనాడు హిందూపురం వైపు నుంచి వచ్చి చిక్కపేటలో నిలదొక్కుకున్న కుటుంబం. వయసులో ఉన్నప్పుడు సీసపు అక్షరాలు పేర్చే ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. ప్రెస్సు మూతపడ్డాక సొంతంగా కంప్యూటర్ కట్టించుకుంది. ఒక పక్క తెలుగు, ఒక పక్క కన్నడం. పెళ్ళికూతురిది పావగడ, పెళ్ళికొడుకుది తుమకూరు అయితే పత్రిక కూడా అలా రెండు భాషల్లో ఉండాలి. కీబోర్డు మీద ఆమె వేళ్ళు పడుతుంటే ఇప్పటికీ టైప్ మిషన్ చప్పుడే వస్తుంది.

ఓబులేష్ నేలమీద పాత పేపర్లు పరిచి, డబ్బాను పక్కకు పడుకోబెట్టి, రేకు విప్పాడు. సీడీ డ్రైవు మార్చాడు. పాత పట్టీ వైరు తీసి ఇంకొకటి బిగించాడు. స్విచ్ వేశాడు. ఒక్క బీప్. ఆ చప్పుడు వినగానే ఆయన భుజాలు తమంతటవే కాస్త కిందికి దిగాయి. నీలం తెర వచ్చింది. తెల్ల అక్షరాలు, అడుగున పసుపుపచ్చ గీత. ఫైళ్ళు ఒకటొకటిగా ఎక్కసాగాయి.

ఇక చేయాల్సింది ఏమీ లేదు. గీత పాకుతుంటే చూస్తూ కూర్చోవడమే. ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఇలా ఈ నీలం తెర ముందే గడిచింది.

పావగడ దగ్గరి పల్లె నుంచి ఆయన బెంగళూరు వచ్చింది కంప్యూటర్ల కోసం కాదు. ఎస్‌పీ రోడ్డులో అంజినప్ప అనే రేడియో మెకానిక్ దగ్గర పనికి కుదిరాడు. అంజినప్ప ఎంత మాటకారో అంత చాదస్తుడు. రేడియో బాగుచేశాక, వెనక అట్ట మూసే ముందు, లోపల ఓ మూల కుంకుమ బొట్టు పెట్టేవాడు. పైన పెడితే కస్టమర్‌కు కనిపిస్తుంది కదా అని ఓబులేష్ ఒకసారి అడిగాడు. "పైన పెట్టింది కస్టమర్ తుడిచేస్తాడప్పా. లోపల పెట్టింది మళ్ళీ రిపేరికి వచ్చిననాడు మనకే కనపడుతుంది. మన చేతి పని అని గుర్తు" అన్నాడు అంజినప్ప. భక్తి ఎంతో, వ్యాపారమెంతో ఆయన మాటల్లో తేల్చుకోవడం కష్టం.

రేడియోలు పోయాయి. టీవీలు వచ్చాయి, అవీ తగ్గాయి. అంజినప్ప కూడా పోయాడు. ఆ కొట్లోనే ఓబులేష్ కంప్యూటర్లు కట్టడం మొదలుపెట్టాడు, బొట్టు మాత్రం మానలేదు. కెమెరా రీలు వచ్చే నల్ల ప్లాస్టిక్ డబ్బీలో కుంకుమ పోసి చొక్కా జేబులో వేసుకునేవాడు. స్క్రూడ్రైవర్ ఒక జేబులో, డబ్బీ ఒక జేబులో.

అప్పట్లో శనివారమంటే ఎస్‌పీ రోడ్డులో కాలు పెట్టే సందు ఉండేది కాదు. అనంతపురం, కడప, కర్నూలు నుంచి ఉద్యోగాలు వెతుక్కుంటూ వచ్చిన పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చేవాళ్ళు. తెలుగు మాట్లాడే మెకానిక్ ఉన్నాడని ఒకరి నోట ఒకరు విని ఓబులేష్ కొట్టు ముందు చేరేవాళ్ళు. మడివాళ పీజీ హాస్టళ్ళలో ఒక్కో గదికి నలుగురు, ఆ నలుగురికీ కలిపి ఒక మిషన్. ఓబులేష్ ఆటోలో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, మానిటర్‌ను కాళ్ళ మధ్య ఇరికించుకుని పోయేవాడు. వీధి మొదట్లోనే పిల్లలు ఎదురొచ్చి, పెళ్ళికొడుకును దించుకున్నట్టు మానిటర్‌ను దించుకునేవాళ్ళు. మేడమీద ఆ ఇరుకు గదిలో మంచాలు గోడకు జరిపి, వైర్లన్నీ గుచ్చి, స్విచ్ మీద వేలు పెడితే గదంతా ఊపిరి బిగబట్టేది. ఆ ఒక్క బీప్ వినబడాలి. వినబడగానే ఈలలు, కేకలు. పక్క గదివాళ్ళు కూడా వచ్చి వాకిట్లో నిలబడి చూసేవాళ్ళు. ఓబులేష్ డబ్బీ తీసి, రేకు లోపలి వైపు బొట్టు పెట్టి, మొక్కి, మూసేవాడు. "అన్నా, అది యాంటీ వైరస్సా?" అని ఎవడో ఒకడు తప్పకుండా అడిగేవాడు. "అవునప్పా. దీనికి ప్రతి సంవత్సరం దుడ్లు కట్టే పనిలేదు" అని ఈయన తప్పకుండా అనేవాడు. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. ఎవరికీ విసుగు రాలేదు.

ఆ పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి. హూడి వైపు, ఇంకా అవతలికి, అద్దాల మేడల్లోకి పోయారు. వాళ్ళ చేతుల్లోకి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. ల్యాప్‌టాప్‌ను ఎవరూ కట్టించుకోరు. దాని రేకు విప్పి ఎవరూ చూడరు. ఓబులేష్ కొట్టులో సగం ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్మే అతనికి పోయింది. మిగిలిన సగంలో సీసీ కెమెరాలు, వైర్ల చుట్టలు. అపార్ట్‌మెంట్లలో నిచ్చెనెక్కి కెమెరాలు బిగించడం ఇప్పటి పని. రీలు డబ్బీ ఎప్పుడు పోయిందో, ఎటు పోయిందో ఆయనకు గుర్తులేదు. పోయిందని గమనించింది కూడా చాలా రోజులకు.

పసుపుపచ్చ గీత ఆగిపోయింది. ఫైలు కాపీ కావడంలేదు. మళ్ళీ ప్రయత్నించమంటావా, వదిలేయమంటావా అని తెర అడిగింది. ఓబులేష్ మళ్ళీ ప్రయత్నించమన్నాడు. తెర మళ్ళీ అదే అడిగింది.

"ఏమంటాది?" అంది వరూధిని, వెనక్కి తిరగకుండానే.

"నిన్న అన్నదే అంటాది అక్కా."

డిస్కు మార్చాడు. ఇంకో సీడీ పెట్టాడు. ఈసారి గీత చాలా దూరమే పోయింది. ఓబులేష్ కుర్చీ అంచుకు జరిగాడు. అక్కడ, ముక్కాలు దారిలో, తెర మొత్తం బిగుసుకుపోయింది. ఈసారి ప్రశ్న అడగడం కూడా మానేసింది.

మధ్యాహ్నం దాటాక వరూధిని కూతురు శ్రుతి వచ్చింది. హూడిలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఆమె పని. వారమంతా అక్కడే ఉండి సెలవురోజు ఇంటికి వస్తుంది. నేలమీద పేపర్లు, వైర్లు, ఊడదీసిన సీడీ డ్రైవు, వాటి మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఓబులేష్‌ను చూసి గుమ్మంలోనే చెప్పులు విప్పి నిలబడింది.

"అంకుల్, ఐసీయూలోకి రావచ్చా?"

"రామ్మా. పేషెంటును చూడను వచ్చినావా, బాడీ తీసుకుపోను వచ్చినావా?"

"అమ్మ చెప్పిందా గుజరీ సంగతి? నేనేం అనలేదు అంకుల్, ప్రామిస్. నా ల్యాప్‌టాప్ వాడుకోమన్నా, అంతే."

"నీ ల్యాప్‌టాప్‌లో 'శ్రీరస్తు' అని కొడితే రావత్తు ఒక పక్క, గుడిదీర్ఘం ఇంకో పక్క పోయి కూర్చుంటాయి" అంది వరూధిని. "పెండ్లికి ముందే విడాకులు."

శ్రుతి నవ్వి, వంగి తెర చూసింది. "ప్రతిసారీ ఒకే ఫైల్ దగ్గర ఆగుతోందా?"

"అదే కద తమాషా. ఒకసారి మొదట్లోనే, ఒకసారి సగంలో. ఇప్పుడేమో కడపటికి పోయి ఆగె."

"అయితే సీడీ ప్రాబ్లం కాదు. సీడీ మీద గీత ఉంటే ప్రతిసారీ ఒకే చోట తగలాలి. ఇలా చోటు మారే బగ్ ఉంది చూశారూ, మా టీమ్‌లో అందరికీ అదంటేనే బేజారు. మెమరీ చూశారా?"

"ర్యామ్ మొదటే చూసినా తల్లీ. నిన్న రాంగానే తీసి, రబ్బరుతో దాని లోహపు పండ్లు రుద్ది, మళ్ళీ పెట్టినా. సందేహం వచ్చి వేరేది కూడా వేసి చూస్తి. అదే కథ."

"మా మేనేజర్ ఒక మాట అంటాడు అంకుల్. ఎక్కడ చూసేశాం అంటారో, మళ్ళీ అక్కడే చూడండి అని."

"మీ మేనేజర్ ఎస్‌పీ రోడ్డులో పని నేర్చుకున్నట్టుండాడే" అని ఓబులేష్ స్విచ్ ఆపి, మళ్ళీ వంగాడు. ర్యామ్ పట్టీకి రెండు వైపులా ఉన్న చెవుల్లాంటి బిగింపులు విప్పి, దాన్ని పైకి లాగాడు. గదిలో ఫ్యాన్ ఉన్నా, వంగి పని చేస్తుండటంతో చెమట కళ్ళలోకి కారుతోంది. చేతివేళ్ళతో నుదురు తుడుచుకున్నాడు.

వరూధిని కాఫీ లోటా తెచ్చి ఆయన ముందు పెట్టబోయి ఆగింది.

"ఏమప్పా, నడిమధ్యలో ఎప్పుడు పోయొస్తివి గుడికి?"

"గుడేంది అక్కా? పొద్దున్నించి ఇక్కడే కద ఉండా."

"మరి నుదుట పసుపు ఉండాది?"

ఓబులేష్ చెయ్యి చూసుకున్నాడు. చూపుడువేలు, బొటనవేలు పచ్చగా ఉన్నాయి. ర్యామ్ పట్టీని తిప్పి వెలుతురులో పెట్టాడు. నిన్న తళతళలాడేలా రుద్దిన బంగారు రంగు పండ్ల మీద సన్నటి పసుపు పొర. శ్రుతి ఫోన్ టార్చి వేసింది. ర్యామ్ దూరే సందులో, ఈ కొస నుంచి ఆ కొస దాకా, పసుపు గట్టిపడి ఉంది. మధ్యమధ్యలో ఎర్ర చుక్కలు. ఒక మూల, చూస్తే నమ్మబుద్ధి కాదు, ఒక బియ్యపు గింజ.

"ఇదేంది అక్కా?"

"ఇంకేముంది? పసుపు."

"పసుపని తెలుస్తాది. దీంట్లోకి ఎట్లొచ్చె?"

"నేనే పెట్టినా. ప్రతి ఆయుధపూజకీ పెడతా. మిషన్‌ను పీటమీద పడుకోబెట్టి, రేకు విప్పి, పసుపు కుంకుమ పెట్టి, అక్షింతలు వేసి, రోంత తీర్థం చల్లి, మళ్ళీ మూసేది. పైన పూజ ఊరంతా చేస్తారు. లోపల చేసేది మనమే కద."

"మనమా?"

"మరి? మొదటి దినం రేకు మూసే ముందు లోపల బొట్టు పెట్టి మొక్కింది ఎవరు? నువ్వే కద! కట్టినవాడే పెట్టినాడంటే అది కూడా పనిలో ఒక పని అనుకుంటి. స్క్రూ బిగించేది ఎట్లనో ఇదీ అట్ల. నువ్వు పోయినాక ప్రతి సంవత్సరం నేను చెయ్యకుంటే ఎట్ల?"

శ్రుతి అప్పటికే గోడకు ఆనుకుని కిందికి జారింది. నవ్వు ఆగడం లేదు. "అమ్మా! మదర్‌బోర్డ్ మీద అక్షింతలా? దానికేమన్నా పెళ్ళా?"

"పెండ్లిపత్రికలు చేసే మిషన్‌కు అక్షింతలు వెయ్యకుంటే ఇంకేం వేస్తారే, ఆవాలా?"

"అక్కా, నేను పెట్టింది రేకు మీద" అన్నాడు ఓబులేష్. "నువ్వు పోసింది బోర్డు మీద."

"దేవుని పటం గోడకుంటే పూజ గోడకు చేస్తారా యాడన్నా?"

ఓబులేష్ లోటా అందుకుని కాఫీ తాగాడు. తాగుతుంటే సంగతి మొత్తం విడివిడిగా అర్థమైంది. ఏటేటా రాలిన పసుపు ఆ సందు అంచుల్లో పేరుకుంది, తీర్థం చుక్కలకు గట్టిపడింది, పైన దుమ్ము కప్పి కంటికి కనిపించలేదు. కానీ ర్యామ్ తన చోట బిగుసుకుని ఉంది, పండ్లకూ లోహానికీ మధ్యలోకి ఏదీ పోలేదు. ఇన్నేళ్ళూ మిషన్ నడిచింది ఎవరూ దాన్ని కదపకపోవడం వల్ల. నిన్న తానొచ్చి, శుభ్రం చేద్దామని దాన్ని ఊడబీకి, మళ్ళీ బలంగా నొక్కాడు. అంచుల్లోని పసుపంతా ఆ నొక్కుడుకు లోపలికి పోయింది. తర్వాత వేరే ర్యామ్ వేసినా అదే సందులో వేశాడు. పక్కనే ఇంకో సందు ఉన్నా, వైర్ల కట్ట కింద పడి అది కనిపించనే లేదు.

ఆమె పూజ చేసి పాడుచేయలేదు. ఆయన శుభ్రం చేసి పాడుచేశాడు. ఆ పూజ ఆమెకు నేర్పింది కూడా ఆయనే.

తాను కట్టిన మిషన్లను ఈమెలా భద్రంగా ఇంకెవరు చూసుకున్నారు అని ఆయనకు అనిపించింది. పైకి మాత్రం "స్పిరిట్ ఉండాదా అక్కా?" అన్నాడు.

ప్రింటర్ తుడిచే స్పిరిట్ ఉంది. శ్రుతి కింద వెంకటరమణప్ప అంగడి నుంచి దుమ్ము ఊదే బ్లోయర్ తెచ్చింది. సందు సన్నం, బ్రష్షు దూరదు. ఓబులేష్ అటూ ఇటూ చూసి, బల్లమీదున్న పాత పెళ్ళిపత్రిక ఒకటి తీసుకుని, దాని అట్టను సన్నటి పట్టీలుగా కత్తిరించాడు. పట్టీని స్పిరిట్‌లో ముంచి సందులో పెట్టి అటూ ఇటూ లాగాడు. పచ్చగా బయటికొచ్చింది. ఇంకొకటి. అదీ పచ్చగానే. పట్టీలు ఒక్కొక్కటే రంగు తగ్గుతూ వచ్చాయి.

"ఎవరి పత్రిక అంకుల్ అది?"

ఓబులేష్ చేతిలోని ముక్క తిప్పి చూశాడు. "యాడో సగం పేరుండాది. 'చి.ల.సౌ.' మాత్రమే మిగిలె."

"పెళ్ళి బాగానే జరిగుంటుంది లెండి."

రెండో సందుపై వైర్లు తప్పించి చూస్తే అది దాదాపు శుభ్రంగానే ఉంది. దాన్నీ తుడిచి, గాలి కొట్టి, ర్యామ్‌ను ఈసారి అందులో పెట్టాడు. వేళ్ళతో మెల్లగా, చెవులు రెండూ వాటంతటవే టక్కుమని మూసుకునేదాకా నొక్కాడు. స్విచ్ వేశాడు.

ఒక్క బీప్.

నీలం తెర. పసుపుపచ్చ గీత మొదలైంది. ఈసారి ఆయన పాత సంగతులేవీ తలుచుకోలేదు. గీతనే చూస్తూ కూర్చున్నాడు. పొద్దున ఆగిన చోటు దాటింది. నిన్న ఆగిన చోటు దాటింది. తెర బిగుసుకుపోయిన చోటు దగ్గరికి వచ్చేసరికి వరూధిని కూడా చేతిలో పని వదిలి వచ్చి వెనక నిలబడింది. గీత అక్కడ కాసేపు తటపటాయించి, మెల్లగా ముందుకు జరిగి, చివరికి పోయి ముట్టింది. మిషన్ తనంతట తాను ఆగి మళ్ళీ లేచింది. నీలం పోయి రంగులొచ్చాయి.

ఎవరూ ఈల వేయలేదు. మడివాళ గదుల్లో అయితే వేసేవాళ్ళు. శ్రుతి మాత్రం ఓబులేష్ భుజం తట్టి, "అంకుల్, బగ్ క్లోజ్డ్" అంది.

మిగిలింది ఓపిక పని. ఇంకా ఇంత సమయం పడుతుందని మిషన్ చెప్పే లెక్కను ఓబులేష్ ఎన్నడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మలేదు. అంతా అయ్యాక వరూధిని అక్షరాల సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వెనక తాళం గుచ్చాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. టక టక టక. తెరమీద 'శ్రీరస్తు శుభమస్తు' అని వచ్చింది. గుండ్రంగా, ఏ వత్తు చోటులో ఆ వత్తు. ఆమె ఒకసారి కళ్ళద్దాలు సర్దుకుని, వధువు పేరు దగ్గరికి పోయింది.

పెద్ద కాగితం మీద ప్రూఫు తీసి శ్రుతి కిందికి పట్టుకుపోయింది. వెంకటరమణప్ప ఫోన్ చేశాడు.

"ఇప్పుడు మా ఇంటి పత్రిక మాదిరి ఉండాది" అన్నాడు. "ఇది ముందే చేసుంటే ఏం పోయె?"

అప్పుడే మెట్లమీద అడుగుల చప్పుడు. గుజరీ బసవరాజు భుజాన గోనెసంచి వేసుకుని వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. నేలమీద రేకు విప్పి ఉన్న డబ్బాను, దాని పక్కన వెలుగుతున్న తెరను మార్చి మార్చి చూశాడు.

"ఏనక్కా, ఇదేనా ఇచ్చేది? లైట్ వెలుగుతా ఉందే?"

"అది లేదప్పా. లేచి కూర్చుండాది. ఇదో, ఈ చచ్చిన డిస్కు, పాత సీడీ పెట్టె, ఈ వైర్లు ఎత్తుకుపో."

అతను వంగి వాటిని సంచిలో వేసుకుంటూ, గోడకు ఆనించి ఉన్న రేకు వైపు చూసి ఆగిపోయాడు. లోపలి వైపు మధ్యలో ఎర్రమట్టి రంగుకు తిరిగిన పాత బొట్టు ఉంది. ఓబులేష్ మొదటి రోజు పెట్టినది.

"అరె. ఇది కూడా బొట్టుదేనా?"

"ఇది కూడా అంటే?" అన్నాడు ఓబులేష్.

"లోపల ఇట్ల బొట్టుండే డబ్బాలు మా గోడౌన్‌కు శానా వచ్చినాయి సార్. మడివాళ నుంచి, జయనగర్ నుంచి, యాడాడ నుంచో. ఎవరో ఒకరే పెట్టుంటారని మేము అనుకునేది. పైన పెట్టేవాళ్ళు ఉంటారు గానీ లోపల ఎవరు పెడతారు అని."

"నేనే పెట్టింది."

బసవరాజు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "మీరేనా!" అన్నాడు, చాలాకాలంగా పేరు విని ఇప్పుడు మనిషిని చూసినట్టు.

ఓబులేష్ తాను కట్టినవి ఏ దారిన పోయాయో తెలియదనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్ళూ. అన్నీ ఇతని దారినే పోయాయి.

"ఏం చేసినారప్పా వాటిని?"

"గుజరీలో ఏం చేస్తాం సార్. ఇనుము ఇనుముకు, రాగి రాగికి. కానీ బొట్టుండే రేకు మీద సుత్తి వేసేకి చెయ్యి రాదు. మా ఆడది చెంబుతో నీళ్ళు పోసి కడిగేది. ఆమీదట కొట్టేది."

"కడిగితే పోయేదా?"

"యాడ పోతాది సార్. రేకు పట్టేసుంటాది. కడిగినాం అనుకుంటే మనకు రోంత నెమ్మది, అంతే."

అతను సంచి భుజానికెత్తుకుని, వచ్చినంత చప్పుడుతో మెట్లు దిగిపోయాడు. అలవాటు చొప్పున కిందికి పోయాక "గుజరీ" అని ఒకసారి గట్టిగా అరిచాడు. గోడౌన్ వాళ్ళ రేకులు బండిమీద పడుతున్న చప్పుడు పైకి వినిపించింది.

ఓబులేష్ రేకు చేతిలోకి తీసుకున్నాడు. మూసే ముందు ఒకసారి లోపలికి టార్చి వేసి చూశాడు. బోర్డు శుభ్రంగా ఉంది. వరూధిని అప్పటికే దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి ఆయన ముందు పట్టుకుని నిలబడింది.

"అమ్మా, మళ్ళీనా?" అంది శ్రుతి.

"నువ్వు ఊరుకో. కట్టినాయన పెట్టాల్సిందే."

ఓబులేష్ ఒక్క క్షణం ఆలోచించాడు. కాఫీ లోటాతో పాటు తెచ్చిన నీళ్ళలో వేలి కొస తడిపి, కుంకుమలో అద్దాడు. పొడి రాలకుండా వేలిని భరిణె అంచుకు ఒత్తి, రేకు లోపల పాత మరక మీదే కొత్త బొట్టు పెట్టాడు. ఫ్యాన్ గాలికి ఆరేదాకా పట్టుకుని నిలబడ్డాడు. వేలితో తాకి చూసి, అంటడం లేదని తెలిశాక మూసి, స్క్రూలు బిగించాడు.

"అక్కా, వచ్చే ఆయుధపూజకు నాకు ఫోన్ చెయ్యి. రేకు నేనే వచ్చి విప్పుతా."

"చేస్తాలే. నువ్వుంటే ఇంకా మంచిది. అక్షింతలు మాత్రం వేస్తానప్పా, చెప్తా ఉండా."

"పైన వేసుకో."

"చూస్తాలే" అంది ఆమె. ఆ చూస్తాలే ఎంతవరకో ఇద్దరికీ తెలుసు.

ఆయన సంచి సర్దుకోవడానికి వంగి, ఆగి, తెచ్చిన డిస్కు, మిగిలిన పట్టీ వైర్లు, ఇంకో సీడీ తీసి ఆమె బల్ల కింద అట్టపెట్టెలో పెట్టాడు. అవి ఈ లోకంలో ఇంకే మిషన్‌కూ పనికిరావు. రేపు హూడిలో ఒక అపార్ట్‌మెంట్‌కు కెమెరాలు బిగించాలి, దానికి నిచ్చెన కావాలి, వైరు చుట్ట కావాలి. ఆ లెక్కలు వేసుకుంటూ సందు దాటి మెట్రో వైపు నడిచాడు. బసవరాజు బండి గుంపులో ముందు పోతోంది. వెనకనుంచి ఇంకో బండి "సైడు, సైడు" అని అరుస్తూ వచ్చింది. ఓబులేష్ పక్కకు తప్పుకున్నాడు. సంచిని పట్టుకోవాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. అందులో ఇప్పుడు స్క్రూడ్రైవర్లు తప్ప ఏమీ లేవు.